బంతి చిక్కింది

ఏప్రిల్ 6, శనివారం

రోజుకొక పేజీ రాయమన్నారు మాస్టారు. పగలు ఉద్యోగం, సాయంత్రం డిగ్రీ క్లాసు, మధ్యలో ఏం రాస్తామండీ అని వెనక బెంచీవాళ్ళు గొణిగితే, "మీకు భయం వేసే సంగతి రాయండి, పేజీ దానంతటదే నిండుతుంది" అన్నారు. ఎవరికీ చూపించక్కర్లేదట.

ఇరవై ఏడు కిలోల నాలుగు వందల గ్రాములు.

మా బంతికి ఆరేళ్ళు. స్కూల్లో డాక్టరు పిల్లలందరినీ పరీక్ష చేసి ఇళ్ళకి కార్డులు పంపించాడు. పళ్ళు బాగున్నాయి, కళ్ళు బాగున్నాయి, బరువు వయసుకు మించి ఉంది. ఆ చివరి ముక్క కింద ఎర్ర గీత. ఈరోజు మధ్యాహ్నం దాన్ని నేను పనిచేసే చోటికి తీసుకెళ్ళాను. లారీల కాటాలో గుమస్తాని నేను. లారీ ప్లాట్‌ఫారం మీదికి ఎక్కుతుంది, గాజు కిటికీ లోపల నా ముందు అంకె వెలుగుతుంది, చీటీ వస్తుంది. లోడుతో ఎంత, ఖాళీగా ఎంత, సరుకు ఎంత. తొమ్మిదేళ్ళుగా ఇదే పని. లారీ కాటా మీద పిల్లలు ఆనరు కాబట్టి, బంతిని బస్తాలు తూచే చిన్న కాటా మీద నిలబెట్టాను. చెప్పులు విప్పించాను. దానికి అదో ఆట.

"నాకూ చీటీ వస్తుందా నాన్నా?"

వచ్చింది. వాహనం అని ఉన్నచోట 'బంతి' అని టైపు చేశాను. ఒకటి దానికి, ఒకటి నాకు. నాది ఇక్కడ అంటించాను.

బంతి అని పిలవడం మొదలుపెట్టింది మా అన్నయ్య. పుట్టినరోజే రెండు చేతుల్లోకీ తీసుకుని "ఇది బంతిరా!" అన్నాడు. మా ఆవిడ బంతిపువ్వు అనుకుని మురిసిపోయింది, ఇప్పటికీ అలాగే అనుకుంటుంది. నాకు మాత్రం ఆ రోజు నుంచీ ఆటబంతే వినిపిస్తుంది.

భయం సంగతి రాయమన్నారు కదా. తాతయ్యని అందరూ ఏనుగు అనేవాళ్ళట. నలభై ఆరేళ్ళకి పోయాడు. నాన్నని ఫ్యాక్టరీలో బస్తా అనేవాళ్ళు. నలభై రెండు, మెట్లెక్కుతూ. పెద్దనాన్నకి యాభై రాలేదు. అన్నయ్యకి ముప్పై నాలుగు, కిందటేడు. నూట యాభై ఎనిమిది కిలోలు. మూడో అంతస్తులో స్ట్రెచరు మలుపు తిరగలేదు. ఆరుగురం దుప్పట్లో పట్టుకుని దించాం. సగంలో ఒకాయన "కాస్త ఆగండి, చేతులు పోతున్నాయి" అన్నాడు. అన్నయ్యని మెట్ల మీద పెట్టి అందరం ఊపిరి తీసుకున్నాం.

"లావు మన ఇంటిపేరురా తమ్ముడూ, మార్చుకోలేం" అనేవాడు.

నేను మార్చుకున్నాను. పన్నెండేళ్ళుగా అర్ధాకలితో లేస్తున్నాను. యాభై తొమ్మిది కిలోలు.

బంతికి అన్నయ్య చేతులే వచ్చాయి. మణికట్టు దగ్గర మడత.

ఏప్రిల్ 7

పాలల్లో పంచదార మానేశాం. ఏడవలేదు.

ఏప్రిల్ 10

మా ఆవిడ బట్టల కంపెనీలో మిషను కుడుతుంది. ఆరింటికి వచ్చేసరికి బంతికి నేను కంచం పెట్టేసి ఉన్నాను. కంచం చూసింది, నన్ను చూసింది, చెప్పులు విప్పకుండానే నిలబడిపోయింది.

"ఆరేళ్ళ పిల్లకి డైటింగేంటండీ?"

"డైటింగ్ కాదు. మోతాదు."

"మోతాదు మందుకి చూస్తారు, అన్నానికి కాదు."

"దాని మణికట్టు చూశావా?"

"చూశాను. కొరికెయ్యాలనిపిస్తుంది."

"మా అన్నయ్యది అచ్చం అలాగే..."

"మీ అన్నయ్యది, మీ నాన్నది, మీ తాతది! పిల్ల నాక్కూడా పుట్టిందండీ, మా వాళ్ళలో అందరూ అగరొత్తుల్లా ఉంటారు. ఆ సంగతి మీ లిస్టులో ఎక్కదా?"

నవ్వాను. మంచి మాట. నచ్చిన మాటలు ఎక్కించుకునే నా పదాల పుస్తకంలో రాసుకున్నాను. కానీ పోలికలు అలా సగం సగం పంచుకుని రావు. వంట, ఉతుకుడు తనవి. వడ్డన ఇకనుంచి నాది.

ఏప్రిల్ 13, శనివారం

27.2. మొదలైంది.

ఏప్రిల్ 20, శనివారం

26.8. ఇంట్లో బిస్కట్ల డబ్బా ఖాళీగా ఉంది, అయినా రోజూ మూత తీసి చూస్తోంది. మూత పెట్టేసి నా వైపు చూసి "ఊరికే చూశా" అంటుంది.

ఏప్రిల్ 27, శనివారం

26.0!

ఒక్క వారంలో ఎనిమిది వందలు. చీటీ రెండుసార్లు తీశాను, కాటా తప్పేమోనని. యాభై కిలోల గుండు పెట్టి చూశాను. కాటా సరిగ్గానే ఉంది.

క్లాసులో ఈరోజు మాస్టారు నా వ్యాసం చదివి వినిపించారు. వెనక బెంచీవాళ్ళు చప్పట్లు కొట్టారు, వెక్కిరింపుగానే అయినా. మంచి రోజు.

మే 1

ఎంత తిన్నా ఆకలి అంటోంది. తన కంచం అయిపోయాక మా ఆవిడ కంచం వైపు చూస్తుంది. ఇది నాకు తెలుసు. అన్నయ్య అచ్చం ఇలాగే అనేవాడు, "కడుపులో ఎవడో అద్దెకున్నాడురా, వాడికే పెడుతున్నాను" అని. మా ఆవిడకి ఇది తెలియదు కాబట్టి జాలి పడుతోంది. ఇక్కడ జాలి పడితే అయిపోయామన్నమాటే.

ఆకలేస్తే నీళ్ళు తాగమన్నాను. నేనూ అలాగే నేర్చుకున్నాను. చెప్పిన మాట వింటోంది, బంగారుతల్లి. సీసా మీద సీసా తాగుతోంది. ఇంత పట్టుదల నాక్కూడా లేదు.

మే 4, శనివారం

25.0.

ఈరోజు జరిగింది వివరంగా రాయాలి.

కాటా ఎక్కేముందు నీళ్ళు తాగొద్దని పొద్దున్నే చెప్పాను. ఇసక లారీలవాళ్ళు తూకానికి ముందు లోడు మీద నీళ్ళు కొట్టి బరువు పెంచుతారు, అలాంటివి నాకు తెలుసు. పెదాలు తడుపుకుంటూ నిలబడింది. అంకె ఆగగానే నేను కుర్చీలోంచి లేచి అరిచాను.

"బంతి చిక్కింది!"

కిటికీ బయట చీటీ కోసం నిలబడ్డ డ్రైవరు బాబాయి తల లోపలికి పెట్టాడు. "క్యాచ్ ఎవరు పట్టారు మాస్టారూ?"

అందరం నవ్వాం. బంతి నవ్వలేదు. మొహం పాలిపోయింది.

"ఎవరు చెప్పారు నాన్నా?"

"ఏం చెప్పడం?"

"నేను చిక్కానని."

"కాటా చెప్పిందిగా!"

కాటా వైపు చూసింది, దాని మీదనుంచి కిందికి దూకింది. ఏడుపు. "ఇంకెప్పుడూ చెయ్యను నాన్నా, నిజంగా చెయ్యను." బాబాయి, నేను పొట్ట పట్టుకుని నవ్వాం. పిచ్చితల్లి దొరికిపోయాననుకుంది! చిక్కడం అంటే సన్నబడటం కూడా, నువ్వు మంచిపని చేశావు అని చెప్పి ఎత్తుకున్నాను.

ఇంటికి వచ్చి నిఘంటువు తీశాను. చిక్కు అంటే దొరుకు. చిక్కు అంటే సన్నబడు. జుట్టులో పడేదీ చిక్కే, మనిషి పడేదీ చిక్కే. ఇంకో వింత చూడండి, పాలు చిక్కబడితే గట్టిపడినట్టు, పిల్ల చిక్కితే పలచబడినట్టు! ఒకే మాట రెండు వైపులకీ నడుస్తోంది. సాయంత్రం క్లాసులో మాస్టారికి చూపిస్తే ఆయన కళ్ళజోడు తీసి, "ఇలా పట్టుకోవాలయ్యా మాటని" అన్నారు. వచ్చే నెల పత్రికకి దీని మీద చిన్న వ్యాసం రాయమన్నారు.

దేనికి "ఇంకెప్పుడూ చెయ్యను" అందో అడగడం మర్చిపోయాను.

మే 6

మంచం కింద, గోడ వైపు, నాలుగు జతల తడిసిన బట్టలు దొరికాయట. ఉండచుట్టి దాచిపెట్టింది. మా ఆవిడ వాసనపట్టి బయటికి లాగింది.

"మూడేళ్ళకే మానేసిందండీ పక్క తడపడం. ఇప్పుడేంటిది?"

"నీళ్ళు ఎక్కువ తాగుతోంది కదా."

"ఎందుకు తాగుతోంది?"

"నేనే తాగమన్నాను."

తను తడిబట్టలు బకెట్లో వేసింది. ఆరు దాటాక నీళ్ళు బంద్ అని బంతికి చెప్పాను. తల ఊపింది.

మే 7

పూలకుండీకి పోసిన నీళ్ళు పళ్ళెంలోకి దిగితే, వంగి తాగుతోంది. కోప్పడ్డాను.

మే 8

స్కూల్లో వేసవి సెలవుల్లో నడిపే క్లాసుల టీచరు చీటీ రాసి పంపింది. క్లాసులో బల్ల మీద తల పెట్టి నిద్రపోతోందట, గంటకి రెండుసార్లు బయటికి వెళ్తానంటోందట. ఒంట్లో బాగుందా అని అడిగింది.

మా ఆవిడ గౌను నడుం లోపలికి కుట్టింది. నెలలో ఇది రెండోసారి.

"డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం. పిల్ల ఆరిపోతోంది."

"తగ్గేటప్పుడు నీరసంగా ఉంటుంది. నాకు తెలియదా? నేను తగ్గినప్పుడు మూడు నెలలు తల తిరిగింది."

"మీకు పద్దెనిమిదేళ్ళు అప్పుడు."

"శనివారం దాకా ఆగు. ఇరవై మూడుకి వస్తే తీసుకెళ్దాం. ఆ స్కూలు డాక్టరు చేతే ఎర్ర గీత కొట్టేయిద్దాం."

తను మిషను ముందు కూర్చుని ఉత్తినే చక్రం తిప్పుతూ ఉండిపోయింది. ఒప్పుకున్నట్టే.

మే 11, శనివారం

23.1. దాదాపు వచ్చేశాం.

పనిలో పెద్ద గొడవ. డ్రైవరు బాబాయి సిమెంటు లోడు ఇక్కడ తూచి వెళ్ళింది మొన్న, దించే చోట నాలుగు వందల కిలోలు తక్కువొచ్చి వెనక్కి పంపారు. మళ్ళీ ఎక్కించి చూశాను. నిజంగానే తక్కువ.

"ఎక్కడ దించావు బాబాయ్?"

"ఎక్కడా దించలేదు మాస్టారూ."

"దించకపోతే ఎలా తగ్గుతుంది? బరువు దానంతటది పోదు. నాలుగు వందల కిలోలు! ఎక్కడికో పోయింది. ఎక్కడికి పోయిందో చెప్పే దాకా చీటీ ఇవ్వను."

గంట పట్టింది. బండి చుట్టూ తిరిగాను, టార్పాలిన్ విప్పించాను, బస్తాలు లెక్కపెట్టించాను. ఎనిమిది బస్తాలు తక్కువ. క్లీనరు దారిలో దించాడని తేలింది. మేనేజరు నా భుజం తట్టి, "నీ కంట్లో దుమ్ము కొట్టడం ఎవడి తరం కాదయ్యా" అన్నాడు.

వెళ్ళేముందు బాబాయి, బెంచీ మీద పడుకున్న బంతిని చూశాడు.

"పాపకి బాగోలేదా?"

"సన్నబడింది. డైటు."

"డైటా?" అన్నాడు. వంగి దాని మొహం చూశాడు. "నాకైతే తెలియదు మాస్టారూ, పెద్ద చదువు చదవలేదు. కళ్ళు లోపలికి పోయాయి."

దొంగతనం బయటపడిన కోపంలో ఉన్నాడు. పట్టించుకోలేదు.

మే 13

దొంగ దొరికింది.

పొద్దున్న లేపుతుంటే దాని నోటి నుంచి వాసన. బాగా పండి మెత్తబడిన పండు వాసన. ఇంట్లో పండ్లు లేవు. నేనే తేవడం మానేశాను.

"ఏం తిన్నావు?"

"ఏం తినలేదు."

"వాసన వస్తోంది. ఎవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు నాన్నా."

స్కూలు సంచీ బోర్లించాను. దిండు కింద, అలమర వెనక, దాని బొమ్మల డబ్బా, అన్నీ వెతికాను. తొక్క లేదు, గింజ లేదు. నిజం చెప్పే దాకా గోడ దగ్గర నిలబడమన్నాను. నిలబడింది. కాసేపటికి గోడకి ఆనుకుని జారి కూర్చుంది.

"తిన్నానులే నాన్నా" అంది చివరికి. "పండు తిన్నాను."

"ఏ పండు?"

ఆలోచించింది. "నీకు ఏది ఇష్టమైతే అది."

మే 14

వాంతులు. తిన్నది పడలేదు.

మే 16, గురువారం

రెండు రోజులుగా ఇక్కడే ఉన్నాం. పిల్లల వార్డు, గాజు గది.

మంగళవారం బంతిని ఓ కంట చూడమని పక్కింటావిడకి చెప్పి ఇద్దరం పనికి వెళ్ళాం. మధ్యాహ్నం మా ఆవిడ పని వదిలేసి ఇంటికి వెళ్ళింది. ఎవరూ రమ్మనలేదు, మనసు ఆగలేదంది. బంతి మంచం మీద పరిగెత్తి వచ్చినట్టు రొప్పుతోందట. పిలిస్తే కళ్ళు తెరిచి, అమ్మ వెనకాల ఎవరినో చూస్తోందట. ఎత్తుకుని రోడ్డు దాకా వచ్చింది, అక్కణ్ణుంచి కాటా దాకా నడిచింది. నేను కిటికీలోంచి చూశాను. పిల్లని మోస్తున్న నడకలా లేదు.

"ఏమీ లేదండీ" అంది. "ఎత్తుకుంటే చేతుల్లో ఏమీ లేదు."

డ్రైవరు బాబాయి లారీలోనే వచ్చాం. లోడుతో ఉన్న బండి అది. చీటీ అడగలేదు, నేను ఇవ్వలేదు.

డాక్టరమ్మ వేలి చివర గుచ్చి చూసింది. మిషను అంకె చూపించలేదు, 'ఎక్కువ' అని మాత్రం చూపించింది. ఆ తర్వాత అందరూ పరిగెత్తారు. సాయంత్రానికి బంతి కాస్త నిలదొక్కుకున్నాక డాక్టరమ్మ నన్నూ మా ఆవిడనీ కూర్చోబెట్టి చెప్పింది. బంతి ఒంట్లో ఇన్సులిన్ తయారవడం ఆగిపోయింది. తిన్న చక్కెర ఒంటికి పట్టక నీళ్ళతో పాటు బయటికి పోతోంది. తిండి పట్టని ఒళ్ళు తన కొవ్వుని, తన కండని తనే కాల్చుకు తింటోంది. పండు వాసన అదే.

"ఎప్పటి నుంచి బరువు తగ్గుతోంది?" అని అడిగింది.

"ఈ మధ్యే" అన్నాను. "వారం, పది రోజులు."

మా ఆవిడ నా వైపు చూడలేదు. "ఆయన దగ్గర చీటీలున్నాయండి" అంది.

ఈ పుస్తకం నా సంచీలోనే ఉంది. తీశాను. డాక్టరమ్మ పేజీలు తిప్పుతూ ఒక్కొక్క చీటీ దగ్గర ఆగింది. వాహనం: బంతి. వాహనం: బంతి. ఆరు చీటీలు. గ్రాములతో సహా.

"ఇంత జాగ్రత్తగా రాసిపెట్టిన తండ్రిని నేను చూడలేదు" అంది. ఎత్తిపొడుపు కాదు. అదే భరించలేకపోయాను. "నాలుగు కిలోలు పైన. ఈ బరువంతా ఎక్కడికి పోతోందనుకున్నారు మీరు?"

నేను శనివారం గంటసేపు అడిగిన ప్రశ్న అది. నా నోట్లోంచే వచ్చిన మాట.

"మా ఇంట్లో అందరూ లావు" అన్నాను. "మా అన్నయ్య..."

"ఇది లావు వల్ల వచ్చేది కాదు. పంచదార తింటే వచ్చేదీ కాదు."

"నేను తిండి తగ్గించినందుకు..."

"దానివల్లా కాదు. మీరు పెట్టినా వచ్చేదే, పెట్టకపోయినా వచ్చేదే. రెండు వారాల ముందు తెచ్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. అంతే."

అంతే అంది.

మే 17

కళ్ళు తెరిచింది. మొదటి మాట: "నీళ్ళు తాగొచ్చా?" నన్నే అడిగింది.

మే 18, శనివారం

ఊరి నుంచి అమ్మ ఫోను. జబ్బు పేరు చెప్పాను. లక్షణాలు చెప్పాను.

"మీ నాన్నకి ఒక చెల్లెలుండేదిరా."

"నాన్నకా?"

"నేను కాపరానికి రాకముందే పోయింది. ఏడేళ్ళట. పుల్లలా ఉండేదట. బిందె దగ్గరే కూర్చుని నీళ్ళు తాగేదని మీ నానమ్మ చెప్పి ఏడ్చేది. అప్పట్లో ఎవరికి తెలుసు, దిష్టి అనుకున్నారు."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వెప్పుడూ లావువాళ్ళ గురించే అడిగావు" అంది అమ్మ.

ఆమె పేరు అడిగాను. అమ్మకి తెలియదు.

మే 19

మా ఆవిడ ఇంజక్షను చేయడం నేర్చుకుంది. నర్సు చూపించింది ఒక్కసారే. చర్మం రెండు వేళ్ళతో పట్టుకుని, సూది నిటారుగా, పది లెక్కపెట్టి తియ్యాలి. పట్టుకోవడానికి చర్మం దొరకడం లేదు. రోజుకి నాలుగుసార్లు. ఎన్నాళ్ళు అని నర్సుని అడిగాను. ఆమె నా వైపు చూసి, తర్వాత మా ఆవిడ వైపు చూసి, "పది లెక్కపెట్టాలమ్మా, మర్చిపోకండి" అంది.

మాస్టారు ఫోను చేశారు. పత్రిక వ్యాసం ఎంతవరకూ వచ్చిందని. రాయనండీ అన్నాను.

మే 21

పొద్దున్న నర్సు తూకం మిషను తోసుకుంటూ వచ్చింది. బంతి లేవలేక లేచి, చెప్పులు లేకపోయినా పాదాలు తడుముకుంది. జుట్టుకున్న రిబ్బను విప్పి మంచం మీద పెట్టింది. ఊపిరి బిగబట్టి ఎక్కింది.

"అబ్బో, ఆరు వందలు పెరిగావే!" అంది నర్సు చప్పట్లు కొట్టి.

బంతి నా మొహం చూసింది. నేను నవ్వాను. ఎలా నవ్వానో నాకు తెలియదు.

"రేపటికి తగ్గిస్తాను నాన్నా."

"వద్దు తల్లీ. పెరగాలి. పెరిగితేనే మంచిది."

తల ఊపింది, ఇంతకుముందు దేనికి ఊపినా అలాగే.

ఇంజక్షను అయింది. అన్నం గిన్నె వచ్చింది. ఇంజక్షను పడ్డాక గిన్నెలో ఉన్నదంతా తినాలి, అరగంట దాటితే చక్కెర మరీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి, ఫిట్సు రావచ్చు అని నర్సు చెప్పింది. బంతి రెండు స్పూన్లు తిని గిన్నె పక్కకి జరిపింది.

"చాలు. కడుపు నిండింది."

"తిను తల్లీ, ఇంకొక్కటి" అన్నాను.

"ఆకలి లేదు." నర్సుకి కాదు, అమ్మకి కాదు, నాకు చెబుతోంది. స్పూను వైపు కళ్ళు పోతున్నాయి, లాక్కుంటోంది.

"నేను చెబుతున్నాను కదా, తినమని. అంతా తినేయి."

ముందుకి వంగి, ఎవరికీ వినపడకూడదన్నట్టు అడిగింది. "పరీక్షా నాన్నా?"

బతిమాలాను. నేనొక ముద్ద తిని చూపించాను. కోప్పడ్డాను కూడా, దేవుడా, గొంతు లేచింది. అది ఇంకా గట్టిగా నోరు మూసుకుంది. అరగంట కావొచ్చింది. నుదుటి మీద చెమట పట్టడం మొదలైంది, వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి.

మా ఆవిడ స్పూను నా చేతిలోంచి తీసుకుంది.

"మీరు బయటికి వెళ్ళండి."

"నేను..."

"మీరుంటే అది తినదండీ. వెళ్ళండి."

కారిడార్లో బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. తలుపు దగ్గరగా వేశారు. లోపల తను ఏదో చెబుతోంది, మాటలు తెలియడం లేదు. చాలాసేపటి తర్వాత బంతి గొంతు.

"వెళ్ళిపోయాడా?"

"వెళ్ళిపోయాడు."

స్పూను గిన్నెకి తగిలింది. ఆగింది. మళ్ళీ తగిలింది. త్వరత్వరగా తింటోంది, దొంగతనంగా తింటున్నట్టు. బెంచీ కిర్రుమంటుందని కదలకుండా కూర్చున్నాను.